సినిమాను ఎంచి పెట్టే యంత్రం

ఇంటర్నెట్ ద్వారా సినిమాలు అందించే ఏ సర్వీసు తెరిచినా ‘మీ కోసం’ అంటూ ఒక వరుస కనిపిస్తుంది. అందులో అరగంట వెదికినా చూడాలనిపించేది దొరకలేదని చాలామంది అంటుంటారు. యంత్రం లెక్క తప్పిందా? ఒక పాత పోటీని పరిశీలిద్దాం.

2006 అక్టోబరులో అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. అప్పట్లో అది టపాలో డీవీడీలు అద్దెకిచ్చేది. ఒక ప్రేక్షకుడు ఒక సినిమాకు అయిదింటిలో ఎన్ని స్టార్లు ఇస్తాడో, తమ పద్ధతి కన్నా 10 శాతం తక్కువ దోషంతో చెప్పగలగాలి. ఇందుకోసం సుమారు 4 లక్షల 80 వేల మంది 17,770 సినిమాలకు ఇచ్చిన 10 కోట్ల పైచిలుకు రేటింగులను పోటీదారులకు అందజేసింది.

దీన్ని ఒక పెద్ద పట్టికగా ఊహించండి. అడ్డు వరుసకు ఒక ప్రేక్షకుడు, నిలువు వరుసకు ఒక సినిమా. నిండిన గళ్లు నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతావన్నీ ఖాళీ. మీలాగే స్టార్లు వేసినవారిని వెదికి, వారి అభిరుచిని బట్టి మీ ఖాళీ గడిని నింపడమే ఈ విద్యలోని కిటుకు.

2009లో ఒక బృందం గెలిచింది. దోషం 0.9525 నుంచి 0.8567కు తగ్గింది. (ఇది తేడాల వర్గాల సగటుకు వర్గమూలం, గణిత విద్యార్థులు గుర్తుపడతారు.) మూడేళ్ల శ్రమకు దక్కిన మెరుగుదల ఒక స్టారులో పదో వంతు కూడా లేదన్నమాట! 2007 నాటి తొలి ఫలితాల నుంచి రెండు పద్ధతులను సంస్థ తీసుకుంది గాని, చివరికి గెలిచిన పూర్తి పద్ధతిని వాడుకలో పెట్టలేదు. అప్పటికే డీవీడీల స్థానంలోకి నేరుగా తెర మీద చూడడం వస్తోంది. స్టార్లు వేసేది సినిమా చూశాక, తీరిగ్గా ఆలోచించి. ఎంచుకునేది మాత్రం రాత్రి భోజనం చేసి, అలసిపోయి కూర్చున్నప్పుడు. గొప్ప చిత్రమని అయిదు స్టార్లు ఇచ్చినవాడే ఆ పూట హాస్యం కోరుకోవచ్చు. 2017లో ఆ సంస్థ స్టార్లను తీసేసి బొటనవేలి గుర్తు పెట్టింది.

ఈనాడు యంత్రం ప్రధానంగా గమనించేది మన అభిప్రాయాన్ని కాదు, మన ప్రవర్తనను: ఏది మొదలుపెట్టాం, ఎక్కడ ఆపాం, ఏది చివరిదాకా నడిచింది. మనసుకు హత్తుకున్న చిత్రం, కునికిపాట్లు పడుతూ వదిలేసిన సీరియల్ రెండూ దానికి ‘పూర్తిగా చూసినవి’గానే కనిపించవచ్చు. పైగా, చూపించినదాన్నే చూస్తాం. చూసినదాన్నే అది మళ్లీ చూపిస్తుంది. ఎక్కువమంది చూడని పాత చిత్రాల గళ్లు ఖాళీగానే ఉండిపోతాయి.

మన ఇళ్లలో మరో చిక్కు ఉంది. టీవీ ఒకటే. పగలు నాయనమ్మ భక్తి చిత్రం, సాయంత్రం పిల్లల కార్టూన్లు, రాత్రి తండ్రి చూసే క్రైమ్ కథ. అన్నీ ఒకే ఖాతాలో చేరితే, యంత్రం ఆ ముగ్గురినీ కలిపి ఒక మనిషిని తయారుచేసి, ఆ మనిషికి సినిమాలు ఎంచి పెడుతుంది. ఎవరికి వారు వేరే ప్రొఫైల్ పెట్టుకుంటే ఈ ఒక్క చిక్కు చాలావరకు తీరుతుంది.