వయొలిన్ విని సీటు ఇస్తారా?

అమెరికాలో డిసెంబరు మాసం సమీపించిందంటే, పదిహేడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒక విచిత్రమైన సందడి మొదలవుతుంది. కుమారుడు వయొలిన్ భుజాన ఆనించి ఒకే కృతిని పదేపదే వాయిస్తుంటాడు. తండ్రి దాన్ని రికార్డు చేస్తాడు. తల్లి మాత్రం, ఆ విశ్వవిద్యాలయంలో తెలిసిన ఆచార్యులెవరైనా ఉన్నారేమోనని ఫోన్లు చేస్తుంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ దృశ్యం పరిచితమే. పదేళ్ల సాధన, పది ఫోన్లు: ఈ రెంటిలో తలుపు తెరిచేది ఏది?

ఇందుకు సమాధానం కొంతవరకు న్యాయస్థానంలో బయటపడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంపై 2014లో దాఖలైన వ్యాజ్యం 2018లో బోస్టన్‌లో విచారణకు వచ్చింది. ప్రతి విద్యార్థినీ ముఖ్యంగా నాలుగు అంశాల్లో తూచి చూస్తారని అప్పుడు లోకానికి తెలిసింది: చదువు, చదువుకు బయటి ప్రజ్ఞ, క్రీడలు, వ్యక్తిత్వం. సంగీతం రెండవ దానిలో చేరుతుంది. విద్యార్థి పంపిన రికార్డును ఒక్కొక్కప్పుడు ఆ విద్య తెలిసిన ఆచార్యులకే వినిపించి అభిప్రాయం తీసుకుంటారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి. కూడా, ఇంజనీరు కాదలచిన వారి నుంచి సంగీతపు రికార్డులు స్వీకరిస్తుంది.

కనుక ఆచార్యుడి వల్ల మేలు కలగడం నిజమే. అయితే ఆ మేలు చేసేది ఆయన చెవి. ఆ చెవి ఎందరో వయొలిన్ విద్వాంసులను విని ఉంటుంది. వాద్యబృందంలో వయొలిన్లకు కొరత ఉండదు. పెద్ద గొట్టంలా ఉండే బసూన్ అనే వాద్యాన్ని చక్కగా ఊదగల పిల్లలు అరుదు. ఏ బిడ్డా పదేళ్ల వయస్సులో ఈ లెక్క వేసుకుని వాద్యాన్ని ఎంచుకోదు గదా! కర్ణాటక సంగీతం నేర్చిన వారికి మరో చిక్కు: గమకం విలువ తెలిసినవారు వింటేనే ఆ సాధన లోతు తెలుస్తుంది.

ఇక పరిచయాల సంగతి. హార్వర్డ్ లెక్కల్లో నాలుగు వర్గాలవారు ప్రత్యేకంగా కనిపించారు. వారు ఎంపిక చేసుకున్న క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల సంతానం, అధ్యాపక సిబ్బంది సంతానం, డీన్ ఆసక్తి చూపిన అభ్యర్థులు. దరఖాస్తుదారుల్లో వీరు 5 శాతం కూడా లేరు. ప్రవేశం పొందినవారిలో సుమారు 30 శాతం! ఆచార్యుడి కన్నబిడ్డకు ఆ పట్టికలో చోటుంది. ఆయన మిత్రుడి బిడ్డ పేర అటువంటి వర్గమేదీ లేదు. వింతేమిటంటే, బంతి ఆడేవాడికి దక్కిన ప్రత్యేక వర్గం వీణ వాయించేవాడికి దక్కలేదు. ఆటగాళ్లను శిక్షకులే ముందుగా ఏరుకుంటారు. ఆ వెసులుబాటే 2019లో పెద్ద కుంభకోణానికి దారితీసింది. శిక్షకులకు లంచాలిచ్చి, ఆటలెరుగని పిల్లలను క్రీడాకారులుగా చూపించారు. సూత్రధారికి 2023 జనవరిలో మూడున్నరేళ్ల కారాగారశిక్ష పడింది.

మన దేశంలో ఇంజనీరింగ్ ప్రవేశాలకు చిరకాలంగా పరీక్షలో వచ్చిన ర్యాంకే గీటురాయి. మద్రాసు ఐ.ఐ.టి. 2025-26 నుంచి లలితకళల్లో రాణించినవారికి ప్రతి బి.టెక్. కోర్సులోనూ రెండేసి అదనపు సీట్లు ఏర్పరచింది. అందులో ఒకటి బాలికలది. అయితే అభ్యర్థి ముందుగా జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాకు ఎక్కి ఉండాలి. తంబురా శ్రుతి చేసుకునేది ఆ తరువాతే.