‘ఈ ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్’

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక లెక్కల సారు స్టాఫ్‌రూమ్‌లో నా బల్ల దగ్గరికొచ్చి, “ఈ ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్, త్రికోణమితి మిగిలిపోయింది” అనేవారు. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. కాదనలేక ఇచ్చేసేవాణ్ణి. సంక్రాంతి దాటేసరికి అడగడం కూడా ఉండేది కాదు. పదో తరగతి టైంటేబుల్‌లో డ్రాయింగు, లైబ్రరీ, ఆటలు అన్నీ పోయి, వాటి చోట స్లిప్ టెస్టులు వచ్చేవి. ఓ ప్రైవేటు హైస్కూల్లో 18 ఏళ్లు పీఈటీగా పనిచేశాను. అలా ఇచ్చిన పీరియడ్లలో ఒక్కటీ పిల్లలకు తిరిగి రాలేదు. ఇన్నేళ్లలో తల్లిదండ్రుల నోట, యాజమాన్యాల నోట పదేపదే విన్న మాటల్లో నిజమెంతో ఇప్పుడైనా చెప్పాలి.

అపోహ: పదో తరగతిలో ఆటలు మానిపిస్తే ఆ సమయం మార్కులుగా మారుతుంది.

వాస్తవం: మారుతుందనడానికి ఆధారం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో 50 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. వ్యాయామానికీ చదువుకూ మధ్య చూసిన సంబంధాల్లో సగానికి కాస్త ఎక్కువ మేలు చేసేవిగా తేలాయి. మిగతావాటిలో దాదాపు అన్నింటా తేడా ఏమీ కనిపించలేదు. చెడు చేసినట్టు తేలినవి నూటికి రెండు కూడా లేవు. ఆడితే మార్కులు పెరిగి తీరతాయని నేను అనను. ఆడినందువల్ల తగ్గవని మాత్రం గట్టిగా చెప్పగలను.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పదో తరగతి పిల్లలకని మినహాయింపేమీ ఇవ్వలేదు. ఉదయం 7 గంటల స్టడీ అవర్‌కు వచ్చి సాయంత్రం 6 దాటాక ఇంటికి వెళ్లే పిల్లవాడికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం స్టడీలో నేను డ్యూటీ చేసిన రోజులున్నాయి. చివరి బెంచీలో ఒకడు సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచి, అరగంట సేపు ఒకే పేజీలో ఒకే వాక్యం కింద పెన్సిల్‌తో గీత మీద గీత గీస్తూ కూర్చునేవాడు. ఆ అరగంటను రిజిస్టర్‌లో చదువుకిందే రాశాం.

అపోహ: పెద్దమనిషి అయ్యాక ఆడపిల్ల గ్రౌండ్‌లో ఎగరకూడదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం మా స్కూల్లో ఎంతమంది ఆటగత్తెలను కూర్చోబెట్టిందో లెక్కలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఖోఖో ఆడేది. పోల్‌ను ఒంటి చేత్తో పట్టి మలుపు తిరిగిందంటే ఎదుటి జట్టు పిల్లలు ఎటు పరిగెత్తాలో తోచక ఆగిపోయేవాళ్లు. దసరా తర్వాత ఆటకు రావడం మానేసింది. వేపచెట్టు కింద చప్టా మీద స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చుంది. అడిగితే, “అమ్మ వద్దంది సార్” అని తల దించుకుంది.

తెలుగు టీచరమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. “నెలనెలా రక్తం పోతుంటే ఇంకా ఆటలేమిటండీ, ఇప్పటికే నీరసంగా ఉంటోంది” అంది తల్లి. ఆమె భయంలో సగం నిజముంది. నీరసం ఉన్నమాటే, అది ఆటవల్ల వచ్చింది కాదు. పీహెచ్‌సీలో పరీక్ష చేయిస్తే రక్తం తక్కువని తేలింది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లకు కావాల్సింది తిండి, మందు. చప్టా మీద కూర్చోబెడితే రక్తం పట్టదు. నెలసరిలో ఆడితే హాని లేదని, తేలికపాటి వ్యాయామంతో చాలామందికి నొప్పి తగ్గుతుందని డాక్టర్లు చెబుతున్నారు. నొప్పి, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అసలు కారణం ఇంకొకటుందని టీచరమ్మకు ఆ పిల్ల తర్వాత చెప్పింది. స్కూల్లో ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకు గొళ్లెం లేదు, మధ్యాహ్నం దాటితే నీళ్లుండవు. మూడు నెలలు అడగ్గా అడగ్గా రెండూ బాగుచేశారు. ఆ పిల్ల మళ్లీ ఆటకు వచ్చింది. వెంట మరో నలుగురు వచ్చారు.

అపోహ: స్కూల్ డే ఘనంగా చేసే బడిలో పిల్లలకు అన్నీ నేర్పుతున్నట్టే.

వాస్తవం: అద్దె డ్రెస్సులు, డీజే, రెండు వారాల రిహార్సల్స్, పదిహేను సినిమా పాటలు. స్టేజీ ఎక్కేది ఏటా దాదాపు ఆ పిల్లలే. మిగతావాళ్లు కుర్చీలు మోసి చప్పట్లు కొడతారు. అది ఒక్క రోజు పండుగ, తప్పేమీ లేదు. కానీ పిల్లవాడి చేతికి పని, గొంతుకు ధైర్యం ఇచ్చేవి వారం వారం జరిగేవి. బాలసభ, గోడపత్రిక, చదరంగం, బడితోట అలాంటివి. నలుగురిలో నోరు విప్పని పిల్లలు ఇవన్నీ చేయలేరని చాలామంది అంటారు. మా గోడపత్రికలో అందమైన దస్తూరీ ఎప్పుడూ అలాంటి పిల్లలదే.

అపోహ: బహుమతి రాకపోతే పాల్గొని ఏం లాభం?

వాస్తవం: మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలును చూడండి. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన బడి అది. అక్కడ పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చి బహుమతులిచ్చే పద్ధతి లేదు. రోజూ ఆటలుంటాయి. పిల్లలూ టీచర్లూ కలిసి జానపద నృత్యాలు చేస్తారు. సాయంత్రం కాసేపు మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు, దాన్ని ‘అస్తాచల్’ అంటారు. పదిలో ఆ పిల్లలూ అందరిలాగే ఐసీఎస్ఈ బోర్డు పరీక్ష రాస్తారు. అలాంటి బడి ఖరీదైన వ్యవహారమే, అందరికీ అందదు. అయితే సూర్యాస్తమయం చూడటానికి ఫీజు అక్కర్లేదు.

అపోహ: సర్టిఫికెట్ల ఫైలు లావుగా ఉంటే కాలేజీ సీటు ఖాయం.

వాస్తవం: కాదు. ఇంజినీరింగ్, మెడిసిన్‌లలో ఎన్‌సీసీ, క్రీడల కోటా సీట్లు చాలా కొద్ది. అవీ ఏ స్థాయికి చేరారన్నదాన్ని బట్టే దక్కుతాయి. హైస్కూల్లో వచ్చేది ఎన్‌సీసీ ‘ఎ’ సర్టిఫికెట్. రాతపరీక్ష లేకుండా, సైన్యాధికారుల ఎంపిక కోసం జరిగే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు నేరుగా వెళ్లే అవకాశం కాలేజీలో తెచ్చుకునే ‘సి’ సర్టిఫికెట్‌కు ఉంది. సీటు కోసమే పిల్లవాణ్ణి పరేడ్‌కు పంపితే మీరూ వాడూ నిరాశపడతారు.

అపోహ: స్కూల్ గేమ్స్, సైన్స్ అవార్డులు ప్రభుత్వ బడుల పిల్లలకే.

వాస్తవం: ప్రైవేటు పిల్లలకూ ఉన్నాయి. స్కూల్ గేమ్స్‌లో వయసుల వారీగా మండల స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా వెళ్లవచ్చు. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు కొత్త ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10 వేల రూపాయలు ఇస్తారు. పేర్లు పంపాల్సింది స్కూలే. పంపుతున్నారో లేదో అడగండి.

అపోహ: గ్రౌండ్ పెట్టాలా వద్దా అన్నది యాజమాన్యం ఇష్టం.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి లోపు తరగతులు నడిపే బడికి, ప్రైవేటుదైనా సరే, ఆటస్థలం, గ్రంథాలయం, ఆట సామగ్రి ఉండి తీరాలి. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో నాలుగో అంతస్తు వరండాలో డ్రిల్ చేయిస్తే చట్టం అమలైనట్టు కాదు. ఆటపాటలు చదువుకు బయటివి అనే గీతే ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజుల కాగితంతో పాటు పదో తరగతి టైంటేబుల్ కూడా అడిగి తీసుకోండి. ఆడపిల్లల బాత్రూమ్ చూడండి. స్కూల్ డే నాడు కాకుండా, ఓ మామూలు బుధవారం సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర కాసేపు నిలబడండి. గ్రౌండ్ ఖాళీగా ఉంటే ఎందుకుందో లోపలికి వెళ్లి ప్రిన్సిపాల్‌ను అడగండి.