టికెట్టు 200 రూపాయలు, రక్తం 17 యూనిట్లు

2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో ఎన్టీఆర్ ట్రస్టు ఒక సంగీత విభావరి పెట్టింది. సంగీత దర్శకుడు తమన్ బృందం పాడి వాయించింది. వచ్చిన సొమ్ము తలసీమియా పిల్లల కోసమన్నారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ వేదిక మీదే 50 లక్షల రూపాయల విరాళం ప్రకటించారు. నందిగామకు సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో జరిగిన సంగతి ఇది.

అంత స్టేడియం, అంత పేరున్న సంగీత దర్శకుడు మన మెట్ట ఊళ్లకు దొరకరు. దొరకాల్సిన అవసరమూ లేదని నా నమ్మకం. తిరునాళ్లలో వాయించే సన్నాయి మేళం, పెళ్లిళ్లకు వెళ్లే ఆర్కెస్ట్రా, క్రిస్మస్‌కు నెల ముందు నుంచి సాధన చేసే చర్చి గాయక బృందం, శనివారం భజన బృందం, పౌరాణిక నాటకాలకు హార్మోనీ పట్టే పెద్దాయన: వీళ్లందరూ జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ ఉన్నారు. వీళ్లు ఒక రాత్రి కలిసి పాడితే ఎంత వస్తుంది, అందులో ఎంత పిల్లల దాకా చేరుతుంది? అభిమానంతో కాకుండా కాగితం మీద కూడి, తీసివేసి చూద్దాం.

ముందు అవసరం సంగతి. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో సరైన హిమోగ్లోబిన్ తయారు కాదు. రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మూడు వారాలకు ఒక యూనిట్ అనుకుంటే ఏడాదికి 17 యూనిట్లు. బిడ్డ ఎదిగి బరువు పెరిగే కొద్దీ ఒకటి రెండవుతుంది. అప్పుడు 34. ఎక్కించే ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. మామూలుగా మన శరీరం నుంచి రోజుకు పోయేది సుమారు ఒక మిల్లీగ్రామే, అంటే ఏడాదికి 365. అదే ఏడాదిలో 17 యూనిట్ల రక్తంతో వచ్చి పడేది 3,400 నుంచి 4,250 మిల్లీగ్రాములు. మిగిలిందంతా గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని బయటకు పంపడానికి డెఫరాసిరాక్స్ లాంటి మందులు ఏళ్ల తరబడి వాడాలి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష తరచూ చేయించుకోవాలి. రక్తం ఎక్కించాక బిడ్డ ముఖం కళకళలాడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు మందు ఆపేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ప్రాణం మీదకు తెచ్చేది చాలాసార్లు ఆ ఇనుమే.

ప్రభుత్వ రక్తకేంద్రాల్లో తలసీమియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలన్నది విధానం. అయితే ఇవ్వడానికి రక్తం ఉండాలి కదా. తల్లీబిడ్డా ఊరి నుంచి ఆసుపత్రికి పోయి రావాలి. తండ్రి ఆ రోజు కూలి వదులుకోవాలి. ఏడాదికి 17 సార్లంటే 17 కూలి రోజులు, 17 సార్లు రానుపోను బస్సు చార్జీలు. ఏ పథకంలోనూ కనిపించని ఖర్చు ఇదే. కచేరి డబ్బుకు సరైన చోటు కూడా ఇదేనంటాను. మూలుగ మార్పిడి చేయిస్తే జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. కానీ తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. అందుకని ఎక్కువమందికి దారి రక్తమే.

వరద సాయానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో జగ్గయ్యపేటలో 24 గంటల్లో 26 సెంటీమీటర్ల వాన కురిసింది. ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైదరాబాదు రహదారి ఎక్కాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ వారం అడక్కుండానే చేతులు ముందుకొచ్చాయి. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగితే జనం అలాగే ఇచ్చారు. ఉప్పెనకూ వరదకూ ఒక తేదీ ఉంటుంది. తలసీమియాకు తేదీ లేదు, మూడు వారాలకోసారి మళ్లీ మొదలయ్యే అవసరం తప్ప. పత్రికలో బొమ్మ పడని అవసరం ఇది. అందుకే దీనికి జనాన్ని ఒకచోటికి చేర్చే పాట కావాలి.

ఇక టికెట్ల లెక్క. కింది అంకెలు ఊహకు పెట్టినవి, మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ కూడుకోండి. అద్దె లేకుండా దొరికిన, 600 మంది పట్టే కల్యాణ మండపం, టికెట్టు 200 రూపాయలు, అన్నీ అమ్ముడైతే 1,20,000. సౌండు, లైట్లకు 25,000. స్టేజీ, కుర్చీలు, జనరేటరుకు 15,000. ఫ్లెక్సీలు, టికెట్ల అచ్చు, ఆటో ప్రచారానికి 8,000. భోజనాలకు 12,000. మొత్తం 60,000. పన్నెండుమంది కళాకారులకు మామూలు పారితోషికం 50,000 ఇచ్చామనుకుంటే ఖర్చు 1,10,000 అవుతుంది. పిల్లలకు మిగిలేది 10,000. అంటే మీరు 200 పెట్టి కొన్న టికెట్టులో బిడ్డ దాకా చేరింది 17 రూపాయలు కూడా కాదు. అదే కళాకారులు పారితోషికం వద్దంటే మిగిలేది 60,000, టికెట్టుకు 100 రూపాయలు. ఆరు రెట్లు. ఈ తేడాకు ప్రేక్షకులు కారణం కాదు, ప్రచారమూ కాదు. ఆ పన్నెండుమందే కారణం.

మామూలుగా కచేరి అయ్యాక ఏం జరుగుతుందో మనకు తెలుసు. వేదిక మీదికి పిలిచి దాతలకు శాలువాలు కప్పుతారు, పేర్లు మైకులో చదువుతారు. డోలక్ వాయించినతను కింద వైర్లు చుట్టుకుంటూ ఉంటాడు. పై లెక్కలో ఆ పన్నెండుమంది వదులుకున్న 50,000 అంటే 250 మంది టికెట్టు కొన్నంత. తలా దాదాపు 21 టికెట్లు కొన్నట్టు. ఆ పూట హాల్లో ఒక్క మనిషి 21 టికెట్లు కొని ఉంటే ముందు వరసలో కూర్చోబెట్టి పూలదండ వేసేవాళ్లం. కాబట్టి జమాఖర్చుల పట్టీలో 'కళాకారుల విరాళం: 50,000' అని ఒక పద్దు ఉండి తీరాలి. అది మర్యాద కోసం రాసే పద్దు కాదు. ఆ పద్దు లేని లెక్క తప్పు లెక్క.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో మంచి ముహూర్తం రోజున ఆర్కెస్ట్రా కుర్రాణ్ని ఉచితంగా పాడమంటే అతను ఒక పెళ్లి బేరం వదులుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో అయితే బేరాలుండవు. కల్యాణ మండపాలూ ఖాళీగా ఉంటాయి కాబట్టి యజమానిని అడిగితే అద్దె లేకుండా దొరికే వీలుంది. లెక్క ప్రకారం ఆషాఢమే మేలు. కానీ వాద్యకారుడి ఇంట్లో డబ్బుకు కటకట ఉండేదీ ఆ నెలలోనే. పారితోషికం వద్దన్నాడు కదా అని పెట్రోలు ఖర్చు కూడా అతని మీదే వేయడం అన్యాయం. దారి ఖర్చులు, భోజనం, వాద్యం పాడైతే బాగుచేయించే పూచీ నిర్వాహకులదే. పై లెక్కలో ఇంకో 6,000 వేసుకుంటే టికెట్టుకు మిగిలే 100 కాస్తా 90 అవుతుంది. ఆ పది రూపాయలు ఖర్చు పెట్టవలసినవే.

చట్టం సంగతులు కొన్ని ముందే తెలుసుకుంటే తర్వాత తల పట్టుకోనక్కర్లేదు. సంగీత కార్యక్రమానికి మనిషికి 500 రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ లేదు. అంతకు మించితే 18 శాతం. అయితే ఏడాదికి సేవల రాబడి 20 లక్షలు దాటని నిర్వాహకులకు నమోదే అక్కర్లేదు. మన ఊళ్లో టికెట్టు 500 దాటదు, కనుక ఆ బెంగ లేదు. జానపద, శాస్త్రీయ కళాకారులు ఒక ప్రదర్శనకు 1,50,000 రూపాయల వరకు తీసుకున్నా ఆ పారితోషికం మీద జీఎస్టీ ఉండదు. బుర్రకథ దళానికి, సన్నాయి మేళానికి ఇది వర్తిస్తుంది. సినిమా పాటల బృందానికి వర్తించదు.

సినిమా పాటలకు కాపీరైటు చిక్కు కూడా ఉంది. 1957 నాటి చట్టంలో ఔత్సాహిక బృందాలకు ఒక మినహాయింపు ఇచ్చారు. ప్రేక్షకులు డబ్బు చెల్లించకపోతేనో, ప్రదర్శన మత సంస్థ సహాయార్థం అయితేనో అనుమతి అక్కర్లేదు. జబ్బుపడ్డ పిల్లల కోసం టికెట్టు పెట్టి చేసే కచేరి ఈ రెండింట్లోనూ ఇమడదు. ఇది నాకు న్యాయంగా తోచదు. గుడికీ చర్చికీ ఉన్న సౌకర్యం ఆసుపత్రి మంచానికీ ఉండాలి. చట్టం మారేదాకా అనుమతి రుసుమును ముందే బడ్జెట్టులో వేసుకోవడమే దారి. లేదంటే సగం కార్యక్రమం అన్నమయ్యకు, త్యాగయ్యకు, జానపదాలకు వదిలేయవచ్చు. రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. త్యాగయ్య పోయింది 1847లో. ఆయన కీర్తన పాడటానికి ఎవరి చీటీ అక్కర్లేదు.

రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు ఆపాల్సిందే. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. పన్ను మినహాయింపు సంగతి కూడా ముందే స్పష్టంగా చెప్పాలి. కచేరి చూడటానికి కొన్న టికెట్టు సాధారణంగా విరాళం కిందికి రాదు. విడిగా ఇచ్చిన సొమ్ముకే రసీదు. 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు. డబ్బు తీసుకునే సంస్థకు నమోదు ఉందో లేదో టికెట్లు అచ్చువేయక ముందే చూసుకోవాలి.

ఈ ఆఖరి మాట చాదస్తంగా అనిపిస్తే 1971 ఆగస్టు 1 గుర్తు చేసుకోండి. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పండిట్ రవిశంకర్ అడిగితే జార్జ్ హారిసన్ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ఆటలు పెట్టాడు. దాదాపు 40,000 మంది వచ్చారు. టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కు త్వరగానే చేరాయి. కానీ రికార్డులు, సినిమా మీద వచ్చిన అంతకంటే ఎంతో పెద్ద మొత్తం పన్ను వివాదంలో ఏళ్ల తరబడి చిక్కుకుంది. దాతృత్వ సంస్థ ద్వారా చేస్తున్నామని ముందుగా కాగితాలు పెట్టుకోలేదు, అంతే. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు, 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో హాండెల్ 'మెసయ్యా' తొలి ప్రదర్శన కూడా సహాయార్థమే. సుమారు 400 పౌండ్లు వచ్చాయి. అప్పులు తీర్చలేక జైల్లో ఉన్న 142 మంది దానితో బయటపడ్డారు. 400 పౌండ్ల కంటే ఆ 142 అన్న అంకె నాకు విలువైనది. మన కచేరి పట్టీలో కూడా చివరి అంకె రూపాయల్లో కాకుండా మనుషుల్లో ఉండాలి.

ఇక గేటు దగ్గర లెక్క. ఆ రోజే శిబిరం పెట్టి 60 మంది రక్తం తీస్తే చూడటానికి ఘనంగా ఉంటుంది. కానీ ఎర్రకణాలు నిల్వ ఉండేది ఎక్కువలో ఎక్కువ 42 రోజులు. ఏడో వారానికి బిడ్డకు మళ్లీ వెతుకులాటే. అంతకంటే గేటు దగ్గర ఒక బల్ల వేసి పేరు, ఫోను, రక్తం గ్రూపు, ఏ నెలలో ఇస్తారో రాయించుకోవడం మేలు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వవచ్చు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. రక్తం తీసేది లైసెన్సు ఉన్న రక్తకేంద్రం సిబ్బందే కావాలి. 600 మందిలో 60 మంది మగవాళ్లు మాట ఇచ్చి, ఏడాదికి నాలుగుసార్లు నిలబెట్టుకుంటే 240 యూనిట్లు. ఒక్కో బిడ్డకు 17 చొప్పున 14 మంది పిల్లలకు ఏడాది పొడవునా సరిపోతుంది. గ్రూపులు కలవక కొంత తరుగు పోయినా పదిమందికి తక్కువ కాదు. దారి ఖర్చులు పోను హాల్లో మిగిలిన 54,000 రూపాయలు ఆ పిల్లల బస్సు చార్జీలకు, పరీక్షలకు వెళతాయి. స్టేడియం కచేరికి వచ్చినవాళ్లు ఏ ఊరివాళ్లో, మళ్లీ ఎప్పుడు కలుస్తారో తెలియదు. మన హాల్లో కూర్చున్నవాణ్ని మూడు నెలల తర్వాత బజార్లో పట్టుకుని అడగవచ్చు.

అదే బల్ల దగ్గర పెళ్లికాని పిల్లలకు, తలసీమియా వాహకులో కాదో తెలిపే హెచ్‌బీఏ2 పరీక్ష గురించి ఒక కాగితం ఇవ్వాలి. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ జబ్బుకు వాహకులు. వాళ్లకు ఏ బాధా ఉండదు, తెలియను కూడా తెలియదు. ఆ సగటు మన హాలుకూ వర్తిస్తే 600 మందిలో 18 నుంచి 24 మంది. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్లికి ముందు జాతకాలు చూసే ఇంట్లో ఈ పరీక్ష కాగితం కూడా చూడాలని చెప్పడానికి పెళ్లి ఆర్కెస్ట్రా గాయకుడి కంటే తగినవాడు ఎవరు? ఏటా ఎన్ని పెళ్లిళ్లలో మైకు పట్టుకుంటాడు! ఆ రాత్రి రెండు పాటల మధ్య ఒక్క నిమిషం అతనికే ఇవ్వండి. ఆ తర్వాత వెళ్లిన ప్రతి పెళ్లిలోనూ ఆ నిమిషం మాట చెప్పమని అడగండి.