ఒక రోజుకు రెండు ఊళ్లు చాలు

సెలవు దొరికితే ఇద్దరం కలిసి కోనసీమ చూసి రావాలని చాలామంది భార్యాభర్తలు అనుకుంటారు. రాజమహేంద్రవరం నుంచి బయల్దేరేవాళ్ల జాబితాలో ధవళేశ్వరం బ్యారేజీ, కడియపులంక నర్సరీలు, ర్యాలి గుడి, ఆత్రేయపురం, అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి, అంతర్వేది, అన్నీ ఉంటాయి. పరుగులు పెడితే ఒక్కరోజులో అన్నీ చూడొచ్చు. కానీ విశ్రాంతి కోసం వెళ్తున్నప్పుడు అందులో రెండు ఉంచుకుని మిగతావి కొట్టేయడమే మేలు. ఎన్ని చోట్లు చూశామన్నదాన్ని బట్టి సేదతీరడం ఉండదు. ఆ రోజు మన మీద తొందర ఎంత తగ్గిందన్నదే ముఖ్యం.

నెదర్లాండ్స్‌లో 1,530 మందిపై జరిపి, 2010లో ప్రచురించిన పరిశోధన ఈ మాటకు బలమిస్తుంది. విహారానికి వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది, ఇంటికి తిరిగొచ్చాక, వెళ్లనివాళ్లకన్నా సంతోషంగా ఏమీ లేరు. ప్రయాణం చాలా విశ్రాంతిగా గడిచిందని చెప్పినవాళ్లలో మాత్రమే ఆ సంతోషం తర్వాత కూడా కొంతకాలం నిలిచింది. అది ఒక్కరోజు ప్రయాణాల గురించి చేసిన పరిశోధన కాదు. అయినా రోజుల తరబడి తిరిగినవాళ్లకే విశ్రాంతి లేనప్పుడు ఫలితం దక్కకపోతే, చేతిలో ఒకే రోజున్నవాళ్లు ఇంకెంత జాగ్రత్తపడాలి!

నెమ్మదిగా వెళ్తే ఏం దక్కుతుందో ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం పరిసరాల దాకా ఉన్న దారే చెబుతుంది. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటి బ్యారేజీ దాని స్థానంలో వచ్చిందే. బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరితే డెల్టా కాలువ మొదలవుతుంది, రోడ్డు దాని గట్టు వెంటే సాగుతుంది. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగితే, కాలువ పాయలుగా చీలి ఊళ్లకు నీళ్లు ఎలా పంచుతుందో కళ్లారా చూడొచ్చు. ర్యాలిలో ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక జగన్మోహిని. వెనక్కి వెళ్లి నింపాదిగా చూడకపోతే ఆ శిల్పంలో సగం చూడనట్టే. ఆత్రేయపురంలో పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డను వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో కాగితమంత పల్చటి రేకు పైకి లేస్తుంది. దాని మీద నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడిస్తే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారు దిగకుండా డబ్బా కొనుక్కుని పోయేవాళ్లకు తీపి దొరుకుతుంది గానీ ఆ చేతివాటం కనపడదు.

కబుర్లు ఇంట్లో చెప్పుకోవచ్చు కదా, ఇంత దూరం ఎందుకని అడగొచ్చు. ఇంట్లో మాట మొదలెడితే కరెంటు బిల్లు, పిల్లల ఫీజు గుర్తొస్తాయి. పైగా ఇద్దరూ కలిసి కొత్త పని ఏదైనా చేస్తే దాని ప్రభావం బంధం మీద ఉంటుంది. అమెరికాలో ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, కలిసి కొత్త పని కాసేపు చేసిన జంటలు, మామూలు పని చేసిన జంటలకన్నా తమ బంధం గురించి మెరుగ్గా చెప్పాయి. ఇంత పెట్రోలు పోసి రెండు ఊళ్లేనా అన్నది మరో అభ్యంతరం. ఖర్చు లెక్కే చూసుకుంటే, అలసిపోయి మర్నాడంతా పడుకునే ప్రయాణమే ఎక్కువ ఖరీదు.

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంటి ఇల్లాలిది. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, సంచులు సర్ది, తిరిగొచ్చాక గిన్నెలు తోముకునే ఆమెకు ఇది విశ్రాంతి ఎలా అవుతుంది? ఆమె మాట నిజం. అందుకే టిఫిను, భోజనం దారిలో హోటల్లోనే చేయాలి. సర్దుడు, తిరిగొచ్చాక పనులు ఇద్దరూ పంచుకోవాలి. ఎక్కడ ఆగాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. కాలువ గట్టు రోడ్లు ఇరుకు కాబట్టి చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కనుక నీళ్లు పారే నెలల్లో వెళ్లాలి. అంతర్వేది, అప్పనపల్లి ఎక్కడికీ పోవు, ఇంకో సెలవుకు ఉంటాయి. ఒకరు సేదతీరడానికి ఇంకొకరు అలసిపోని రోజే ఇద్దరిదీ అవుతుంది.