కారును మోసే వాలు

ఇంజన్ ఆయిల్ మార్చాలంటే కారు కిందికి దూరాలి. అందుకు ముందు చక్రాలను కనీసం అరడుగు ఎత్తు ఎక్కించాలి. మన మెకానిక్ షెడ్లలో గొయ్యి చేసే ఈ పనిని అమెరికాలో ఇంటి గ్యారేజీలో ఒక జత ర్యాంపులు చేస్తాయి. వాటిని కొనాలా, చెక్కతో చేసుకోవాలా అన్న ప్రశ్న అక్కడ ఎప్పుడూ ఉండేదే. చాలామంది దీన్ని బలం గురించిన ప్రశ్నగానే చూస్తారు. చెక్క టన్ను బరువును ఎలా ఆపుతుందని భయపడతారు. లెక్క వేసి చూస్తే ప్రమాదం బరువులో కన్నా జారడంలోనే ఎక్కువగా ఉంది. ర్యాంపును ఎవరు చేశారన్నది కాదు, దాని వాలు, అడుగుభాగం ఎలా ఉన్నాయన్నదే ముందు చూడాలి.

ర్యాంపు అంటే బడి పుస్తకాల్లోని వాలుతలమే, సరళ యంత్రాల్లో ఒకటి. ఈజిప్టులోని హట్నుబ్ రాతిగనిలో ఫారో ఖూఫు కాలం నాటి రాతివాలు బయటపడిందని 2018లో వెల్లడైంది. దానికి రెండు పక్కలా మెట్లు, గుంజలు పాతిన గుంతలు ఉన్నాయి. నాలుగున్నర వేల ఏళ్ల కిందటే మనిషి ఈ యంత్రాన్ని అంత నేర్పుగా వాడాడు. లెక్క మాత్రం ఆలస్యంగా తేలింది. 1586లో గణితవేత్త సైమన్ స్టెవిన్ త్రిభుజం చుట్టూ గుండ్ల దండ వేసినట్టు ఊహించి, వాలు మీద బరువును ఆపడానికి ఎంత బలం కావాలో నిరూపించాడు. నాలుగడుగులు నడిచి ఒక అడుగు ఎక్కే వాలు మీద బరువులో నాలుగో వంతు బలం చాలు. 1925లో అమెరికాలోని మెంఫిస్‌కు చెందిన పీటర్ లునాటి హైడ్రాలిక్ లిఫ్టుకు పేటెంట్ పొందాక పెద్ద గ్యారేజీలు కారును నిలువునా లేపడం మొదలుపెట్టాయి. అలాంటి లిఫ్టు లేని ఇళ్లలో మాత్రం పాత వాలే మిగిలింది.

ముందు బలం సంగతి తేల్చుకుందాం. వెయ్యి కిలోల చిన్న కారులో ఇంజన్ ముందుంటే, ఒక్కో ముందు చక్రం మీద సుమారు మూడు వందల కిలోలు పడతాయి. అదంతా ఒక గీత మీద పడదు. టైరు నొక్కుకుని పరుచుకుంటుంది కాబట్టి, అది కింది తలం మీద వేసే పీడనం దాదాపు దానిలోని గాలి పీడనమంతే ఉంటుంది. గాలి 32 పీఎస్‌ఐ ఉంటే అది చదరపు సెంటీమీటరుకు రెండుంబావు కిలోలు. మెత్తటి పైన్ చెక్కను నారకు అడ్డంగా నొక్కినా అంతకు పది రెట్లు తట్టుకుంటుంది. కాబట్టి మధ్యలో ఖాళీ లేకుండా పలకలు పేర్చి స్క్రూలతో బిగించిన చెక్క దిమ్మ కారు బరువుకు నలిగిపోదు. పగుళ్లు, చెద లేకుండా చూసుకుంటే చాలు. బోలు సిమెంటు ఇటుకల మాట వేరు. వాటి గోడలు పలుచన, స్వభావం పెళుసు. ఏ మూలో బరువు ఎక్కువైతే హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి. వాటి మీద నిలిపిన కారు కిందికి ఎవరూ వెళ్లకూడదు.

ఇక జారడం. వెనక చక్రాలు నెట్టే కారులో ముందు చక్రం ర్యాంపును ఎక్కుతూ దాన్ని ముందుకు తోస్తుంది. ర్యాంపు కదలకుండా ఉండాలంటే నేలతో దానికున్న ఘర్షణ గుణకం వాలు కన్నా ఎక్కువ ఉండాలి. నాలుగుకు ఒకటి వాలైతే 0.25 దాటాలి. పొడి సిమెంటు నేల మీద చెక్కకు అది సులువుగా దక్కుతుంది. నూనె చిందిన నున్నటి టైల్ మీద గట్టి ప్లాస్టిక్‌కు దక్కకపోవచ్చు. ముందు చక్రాలే లాగే కారులో యాక్సిలరేటర్ ఒక్కసారి అదిమితే ర్యాంపు వెనక్కి చిమ్ముకొస్తుంది. ఇంటి ర్యాంపుకు ఇక్కడే ఒక పరీక్ష ఉంది. పలకలను మెట్లలా పేరిస్తే వాలు నాలుగుకు ఒకటే అనిపించవచ్చు. కానీ ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసార్థమున్న చక్రం నాలుగు సెంటీమీటర్ల మెట్టును తాకే చోట కోణం ముప్ఫై డిగ్రీలవుతుంది. ఆ క్షణంలో అవసరమైన ఘర్షణ 0.58, అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. అందుకే మెట్ల అంచులను ఏటవాలుగా చెక్కాలి, పలకలు పలుచగా ఉండాలి, పై చివర చక్రం దాటిపోకుండా అడ్డు పలక ఉండాలి.

కొన్న ర్యాంపును పరీక్షించి అమ్ముతారు కదా, ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దాని మీద బరువు పరిమితి రాసి ఉంటుంది, అంత హామీ ఇంటి దిమ్మకు లేదు. కానీ ఆ పరిమితి సమతలమైన గట్టి నేలను, తగిన వెడల్పున్న టైరును అనుకుని వేసినది. అది జతకు చెప్పినదో ఒక్కదానికో చదివి తెలుసుకోవాలి. ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కుతుంది, ఇనుప అతుకులు తుప్పు పడతాయి. పరీక్ష నెగ్గిన వస్తువూ ఏటేటా మళ్లీ చూసుకోవలసిందే. జాకీ, స్టాండ్లు ఉండగా ర్యాంపులు ఎందుకన్న మాటకు జవాబు చిన్నది. చక్రం ఊడదీయాలంటే స్టాండ్లే కావాలి. ఆయిల్ మార్చడానికి మాత్రం కారు తన టైర్ల మీదే నిలిచే ర్యాంపు చాలు.

కాబట్టి చెక్కపని తెలిసినవారు, కారు నేలకు మరీ తక్కువ ఎత్తులో ఉండి పొడుగాటి వాలు కావలసినవారు గట్టి చెక్కతో చేసుకోవచ్చు. చెక్కపని రానివారు బరువు పరిమితి స్పష్టంగా రాసి, అడుగున రబ్బరు ఉన్నది కొనుక్కోవడమే మేలు. ఏదైనా సరే, కారు ఎక్కాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. కారును గట్టిగా ఊపి, అది కదలదని తేలాకే కిందికి వెళ్లండి.