నలభైమూడు మెట్లు

హోసూరు దాటి కృష్ణగిరి వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద, మా ఊరి ముందర, ఒక నడక వంతెన ఉంది. 2017లో కట్టారు. దానికి ఒక్కో పక్క నలభైమూడు మెట్లు. బస్సులో పోతూ చూసినవాళ్ళు చిన్న ఊరికి ఎంత మంచి వంతెన అనుకుంటారు. వాన వస్తే మేకలు దాని కింద నిలబడతాయి. సాయంత్రాలు కుర్రాళ్ళు పైకెక్కి ఫోటోలు తీసుకుంటారు. రోడ్డు దాటేవాళ్ళు మాత్రం దానికి యాభై గజాల అవతల, డివైడరు కమ్మీలు ఎవరో వంచి చేసిన సందులోంచే దాటతారు.

ఆ వంతెన కావాలని 2014లో అర్జీ రాసిన చెయ్యి నాదే. తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. కింద ఊరంతా సంతకాలు పెట్టింది. రానివాళ్ళు వేలిముద్ర వేశారు. ఊరు ఒక పక్క, బడి, ఆసుపత్రి, పూలతోటలు ఒక పక్క అయిపోయాయి గనుక వంతెన కట్టించవలసిందని వేడుకున్నాం. మూడేళ్ళు తిరిగాక కట్టారు. ఆరోజు నాకు శాలువా కూడా కప్పారు.

శాలువా కప్పిన నెల తిరక్కుండానే మా వీధి పిల్ల ఒకతె నన్ను రోడ్డు పక్కన నిలేసింది. తమిళనాడులో ప్రభుత్వ బడుల్లో ప్లస్ వన్ చదివే పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తారని మనవాళ్ళందరికీ తెలుసు. అలా వచ్చిన సైకిలు పట్టుకొని ఉంది. "తాతా, బ్రిడ్జి అడిగింది మీరేనంట కదా. సైకిలు నెత్తిన పెట్టుకొని ఎక్కేదా?" అంది. నవ్వుతూనే అంది. నేను జవాబు చెప్పేలోపల సందులోంచి దూరి అవతలికి పోయింది.

ఇంటికి వచ్చి అర్జీ నకలు తీసి చూశాను. రెండు పేజీల్లో "వంతెన" అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. "సైకిలు" అన్న మాట ఒక్కసారి లేదు. "ర్యాంపు" అన్న మాట అసలే లేదు. మేము వంతెన అడిగాం, వాళ్ళు వంతెన ఇచ్చారు. ఎవరిని ఏమనగలను?

2019లో అమెరికాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాను. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊరు. మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. తోచక పొద్దున్నే నడకకు పోయేవాణ్ణి. అలా ఒకరోజు ఒక వంతెన ఎదురైంది. సన్నీవేల్‌కూ పక్కనే ఉన్న కుపర్టినోకూ మధ్య 280 నంబరు రహదారి అడ్డంగా పోతుంది. దాని మీద నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే కట్టిన వంతెన అది. రెండు ఎత్తైన స్తంభాల నుంచి తీగలు దిగి దాన్ని పట్టుకొని ఉంటాయి. మొత్తం పొడవు 503 అడుగులు, స్తంభాల నడుమ దూరం 325 అడుగులు. కాలిఫోర్నియా ఫ్రీవేల మీద తీగలతో వేలాడదీసిన నడక వంతెనల్లో ఇదే మొదటిదట.

చెప్పొద్దూ, నేను చూసింది తీగలను కాదు. మెట్ల కోసం వెతికాను. లేవు. నేల మెల్లగా పైకి లేస్తూ పోయి, అంతే మెల్లగా అవతల దిగుతుంది. నా ముందు ఒక తల్లి తోపుడు బండిలో బిడ్డను పెట్టుకొని పరుగెత్తుతోంది. ఒక ముసలాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. ఉత్తరపు కొసన హోమ్‌స్టెడ్ హైస్కూలు ఉంది, దక్షిణాన కొంచెం దూరంలో డి అంజా కాలేజీ. బడి వేళకు పిల్లలు సైకిళ్ళ మీద బిలబిలమని వచ్చేశారు. మా ఊరి పిల్ల గుర్తొచ్చింది.

ఆ వంతెన కథ అల్లుడి చేత చదివించుకొని తెలుసుకున్నాను. 2009 ఏప్రిల్ 30న తెరిచారు. ఖర్చు దాదాపు ఒక కోటీ 48 లక్షల డాలర్లు. అదంతా కుపర్టినో ఊరి ఖజానాలోంచే వచ్చింది కాదు. పైస్థాయి రవాణా సంస్థల గ్రాంట్లు కలిశాయి. ఆ ఊరికి మేయరుగా చేసిన డాన్ బర్నెట్ అనే ఆయన దీనికోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. 2011లో వంతెనకు ఆయన పేరే పెట్టారు. అంత డబ్బు మనకెక్కడిది అని మీరనవచ్చు. నిజమే. తీగలూ స్తంభాలూ మనకక్కర్లేదు. కానీ అది సైకిలుకూ మనిషికీ అని మొదటి కాగితం మీదే తేల్చుకొని, ఆ తరువాత డబ్బుకు వెళ్ళారు. మేము డబ్బుకు ముందు వెళ్ళాం. ఎవరు దాటతారో ఆ తరువాత చూసుకున్నాం.

తిరిగొచ్చాక ఇద్దరు రిటైరైన మిత్రులతో కూర్చొని లెక్క వేశాను. రహదారి మీద లారీలు తగలకుండా అయిదున్నర మీటర్ల ఖాళీ వదలాలి. వంతెన మందం కలిపితే నడిచే నేల ఆరున్నర మీటర్ల ఎత్తుకు పోతుంది. మెట్టుకు పదిహేను సెంటీమీటర్లు వేసుకుంటే నలభైమూడు. ప్రభుత్వం వాళ్ళిచ్చే సైకిలు బరువు పుస్తకాల సంచీతో కలిపి ఎంతవుతుందో మీరే ఊహించండి. అదే ర్యాంపు అయితే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు చొప్పున 78 మీటర్లు. నడుమ నిలబడి ఊపిరి తీసుకొనే చోట్లు కలిపితే 90. సైకిలు తొక్కుకుంటూ హాయిగా పోవాలంటే మీటరుకు ఇరవై మీటర్లు కావాలి, అంటే 130. అంత జాగా మాకు లేదు. తొంభైకి ఒప్పుకొని, దిగి నెట్టుకుంటూ పోదామనుకున్నాం.

కిందనుంచి సబ్‌వే తవ్వితే ఎక్కి దిగేది దాదాపు సగమే, ఎందుకంటే మనిషికి లారీ అంత ఎత్తు అక్కర్లేదు. కానీ మా దగ్గర పక్కనే చెరువు. వానాకాలం మూడు నెలలు అందులో చేపలు పట్టుకోవలసిందే.

ఒక ఆఫీసులో లెక్క చూపిస్తే అక్కడి ఇంజనీరు, పాపం మంచివాడు, ఒక సూత్రం చెప్పాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో, దాటే చోట ఏర్పాటు అవసరమా కాదా అని తేల్చడానికి గంటకు దాటే మనుషుల సంఖ్యను, గంటకు పోయే బండ్ల సంఖ్య వర్గంతో హెచ్చవేస్తారట. అంటే లెక్కలో మనిషి ఒకసారి, బండి రెండుసార్లు. నాకు నవ్వొచ్చింది. అయినా ఆ సూత్రంలో మనిషి ఉన్నాడు గదా, ముందు వాణ్ణి లెక్కపెడదామనుకున్నాను. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా, ప్లస్ టూ పిల్లలు వంతుల వారీగా సందు దగ్గర కూర్చొని గీతలు గీశారు. నడిచేవాళ్ళు ఒక గడి, సైకిలు నెట్టేవాళ్ళు ఒక గడి, పూలబుట్ట మోసేవాళ్ళు ఒక గడి, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు ఒక గడి. రెండు నోటుపుస్తకాలు నిండాయి. మొదటి అర్జీకి మా దగ్గర ఉన్నవి సంతకాలు మాత్రమే.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. అందులో 32,825 మంది నడిచేవాళ్ళు. ఆ లెక్క కూడా రెండో అర్జీలో చేర్చాను.

డబ్బు సంగతి వేరే కథ. బెంగళూరులో చాలా నడక వంతెనలు ప్రకటనల మీద కట్టినవే. కంపెనీ కట్టిస్తుంది, కొన్నేళ్ళపాటు దాని మీద బోర్డులు పెట్టుకుంటుంది. నాకు ఆ పద్ధతి మీద గురి లేదు. బోర్డు ఎక్కడ కనపడుతుందో చూసేవాడికి మనిషి ఎక్కడ దాటతాడన్నది రెండో మాటే. పైగా మా ఊరి ముందు బోర్డు పెట్టి ఎవరికి ఏం అమ్ముతారు! రహదారి వాళ్ళను అడిగితే, టోలు కంపెనీతో ఒప్పందంలో లేని పని గనుక వేరే మంజూరు కావాలన్నారు. మిగిలింది ఎంపీ నిధి. అది ఏటా అయిదు కోట్లు, ఎంపీ సిఫారసు చేస్తే కలెక్టరు మంజూరు చేస్తారు. మేము కాగితాలు సిద్ధం చేసుకొనేసరికి కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఆ నిధినే ఆపేశారు. 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. మేమూ మళ్ళీ మొదలుపెట్టాం.

ఈలోగా ఊళ్ళోనే ఒక చిక్కు. ర్యాంపు వస్తే తన టీ అంగడి రోడ్డుకు కనపడదని అంగడాయన గొడవ. అతని మాటా న్యాయమే, అదే అతని బతుకు. చివరకు ర్యాంపును అంగడి వైపు కాకుండా బడి గోడ వైపు తిప్పి, ఆసుపత్రిలో ఉంటుందే, అలా మడతపెట్టి గీయించాం. దానికి విద్యాశాఖ అనుమతి. అదొక ఎనిమిది నెలలు. ఆ చిత్రం గీసిచ్చిన కుర్రాడు మా దగ్గర పైసా తీసుకోలేదు. అంగడాయన మాత్రం ఇప్పటికీ నాకు టీలో చక్కెర తక్కువే వేస్తాడు.

నన్ను అడిగిన పిల్ల డిగ్రీ ముగించి బెంగళూరులో ఉద్యోగానికి పోతోంది. ఇప్పుడు ఆమె తమ్ముడికి సైకిలు వచ్చింది. అదే సందు.

పోయిన నెల కొలతలకు ఇద్దరు వచ్చారు. టేపు కొస పట్టుకోవడానికి మనిషి లేడంటే నేనే పట్టుకున్నాను. రెండో కొస పట్టుకున్నవాడు బడి గోడ మూల దాకా పోయి అక్కణ్ణించి అరిచాడు, "నలభై ఎనిమిది, సార్!" తొంభైని రెండు మడతలు వేస్తే నలభై అయిదు. మళ్ళీ ఒకసారి కొలవమన్నాను. నలభై ఎనిమిదే.