బంగారం అడిగితే పింగాణీ

1701లో పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు బెర్లిన్ నుంచి పారిపోయి, జర్మన్ రాజ్యమైన శాక్సనీ చేరుకున్నాడు. పేరు యోహాన్ బోట్గర్. మందుల దుకాణంలో పని నేర్చుకుంటూ, లోహాన్ని బంగారం చేయగలనని గొప్పలు పోయాడు. ఆ మాట నమ్మిన ప్రష్యా రాజు పట్టుకోబోతే పరుగెత్తాడు. శాక్సనీ పాలకుడు అగస్టస్ కూడా నమ్మాడు, నిర్బంధించి ప్రయోగాలకు కూర్చోబెట్టాడు. బంగారం ఎలాగూ రాలేదు.

అగస్టస్‌కు మరో పిచ్చి ఉంది: చైనా, జపాన్ పింగాణీ. 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికుల్ని ఇచ్చి, బదులుగా 151 పింగాణీ వస్తువులు తెచ్చుకున్నాడు. మనుషుల్ని లెక్కగట్టి కుండలు కొన్న బేరమిది!

బోట్గర్ కాలందాకా ఐరోపావాళ్లు పింగాణీని ఒకరకం గాజనుకుని, మట్టిలో గాజుపొడి కలిపి తంటాలు పడ్డారు. అసలు కిటుకు వేరు. చైనా మట్టి చాలా ఎక్కువ వేడికి కూడా ఆకారం చెడకుండా నిలబడుతుంది. దానితో కలిపిన ఫెల్‌స్పార్ లాంటి ఖనిజం 1,300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కరిగి, మట్టి రేణువుల సందుల్లోకి పాకి గాజులా బిగుసుకుంటుంది. లోపల సూదుల్లాంటి ముల్లైట్ స్ఫటికాలు పెరుగుతాయి. అందుకే పింగాణీ నీరు పీల్చదు, పలుచగా ఉన్నచోట వెలుగును పోనిస్తుంది.

ఈ కిటుకు శాక్సనీలోనే తేలడం యాదృచ్ఛికం కాదు. అది గనుల దేశం. ఫ్రైబెర్గ్ గనుల నిపుణులకు రాళ్లు, మట్టి, కొలిమి కొట్టినపిండి. చిర్న్‌హౌస్ అనే గణితవేత్త పెద్ద కటకాలతో ఎండను ఒకచోటికి చేర్చి, ఏ మట్టి ఎలా కరుగుతుందో ముందునుంచే పరీక్షిస్తున్నాడు. ఆయన బోట్గర్‌తో కలిసి పింగాణీ ప్రయోగాలకు దిగాడు. ఫెల్‌స్పార్ బదులు అలబాస్టర్ అనే జిప్సమ్ జాతి ఖనిజం వాడారు. అంటే చైనా పద్ధతిని నకలు కొట్టలేదు, సొంత దారి వేసుకున్నారు. 1708 జనవరి నాటి ప్రయోగాల రాతల్లో తెల్లటి పింగాణీ ప్రస్తావన ఉంది. ఆ అక్టోబరులో చిర్న్‌హౌస్ చనిపోయాడు, మరుసటి ఏడాది మార్చిలో బోట్గర్ రాజుకు విజయం ప్రకటించాడు. పేరు బోట్గర్‌కు దక్కింది. నన్నడిగితే సగం ఘనత చిర్న్‌హౌస్‌దే.

1710లో మైసెన్ పట్టణపు కోటలో కర్మాగారం మొదలైంది. కోట ఎందుకంటే, రహస్యం గోడ దాటకూడదని. అయినా 1719లో ష్టోల్ట్‌సెల్ అనే పనివాడు వియన్నాకు పారిపోయాడు, అక్కడా పింగాణీ తయారైంది. నిర్బంధం ముగిశాక ఎంతోకాలం బతకని బోట్గర్, అదే ఏడాది 37 ఏళ్లకు కన్నుమూశాడు.

ఇంత ఆరాటం దేనికంటే, కాఫీ, టీ, చాక్లెట్ అప్పుడే ధనికుల ఇళ్లకు చేరాయి. వెండి గిన్నెలో పోస్తే చేయి కాలుతుంది. పైగా విందుబల్లే దర్బారు: ఎవరి ముందు ఏ పళ్లెం ఉందో దాన్నిబట్టి హోదా. మంత్రి బ్రూల్ కోసం 1737 నుంచి శిల్పి కెండ్లర్ హంసలు, గవ్వలు ఉబ్బెత్తుగా మలిచిన విందు సామగ్రి చేశాడు; మొత్తం 2,000కు పైగా వస్తువులు. ఇలాంటివి చేయడం తేలిక కాదు. కాలినప్పుడు మట్టి సుమారు ఆరోవంతు కుంచించుకుపోతుంది గనుక అచ్చుల్ని ముందే పెద్దవిగా చేయాలి. నీలిరంగు కోబాల్ట్ పెద్దమంటకు తట్టుకుంటుంది గనుక గ్లేజు అనే గాజుపూత కింద వేస్తారు. తట్టుకోలేని రంగుల్ని గ్లేజు మీద అద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు.

కర్మాగారం అజమాయిషీ కూడా ఆ బ్రూల్‌దే! ఆయన వంశస్థుల కోటలోని హంసల సామగ్రిలో చాలాభాగం 1945 యుద్ధపు చివరి రోజుల్లో ధ్వంసమైంది, మిగిలింది చెల్లాచెదురైంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే ఐరోపా పింగాణీ దగ్గర కాసేపు ఆగండి. మైసెన్ ముద్ర అడుగున నీలిరంగులో ఒకదాన్నొకటి దాటే రెండు కత్తులు. కాకపోతే ఆ ముద్రను చాలామంది కాపీ కొట్టారు, కత్తులు కనిపించినంత మాత్రాన వస్తువు అసలుదని నమ్మేయకండి.